లోపలి మడత

తెరమీద పాట అయిపోయింది. వెనక బెంచీల మీదున్న పొడుగు పిల్లలు మాత్రం ఒక్కరూ లేచి నిలబడలేదు.

"ఇంకోసారి పెట్టు అన్నయ్యా," అంది టేపక్క.

"బాగా నచ్చినట్టుందే!" అంటూ మందులషాపాయన లాప్‌టాప్ మీట నొక్కాడు. ఆయన పగలంతా మందులు అమ్ముతాడు, సాయంత్రాలు చర్చి వెబ్‌సైటు చూస్తాడు. ఎవరు తుమ్మినా మాత్ర పేరు చెప్పేస్తాడు, ఎవరు కానుక పంపినా థాంక్యూ మెసేజి పెట్టేస్తాడు. రెండింటికీ ఆయన దగ్గర ఒకటే గొంతు.

చర్చి పక్కగదిలో నలుగురే ఉన్నారు: పాస్టరుగారు, పాస్టరమ్మ, మందులషాపాయన, టేపక్క. మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి ఆమెకా పేరు వచ్చింది. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా టేపక్కనే అంటారు. ఇవాళ కుట్టు దుకాణం మూసి నేరుగా వచ్చేసింది. టేపు ఇంకా మెళ్ళోనే ఉంది.

తెరమీద మళ్ళీ హాస్టలు గది వచ్చింది. సముద్రానికి అవతలి దేశంలోని చిన్న మిషన్ హాస్టలు అది. క్రిందటేడు ఈ చర్చివాళ్ళు కొందరు వెళ్ళి రెండు వారాలు అక్కడ సేవ చేసి వచ్చారు. గోడలకు రంగులు వేశారు, పిల్లలకు పాటలు నేర్పారు. టేపక్క అక్కడి ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పడానికి వెళ్ళింది. తిరిగొచ్చాక వెబ్‌సైటులో ఆ హాస్టలు కోసం ఒక పేజీ తెరిచారు. 'ఒక పాపకు ఒక యూనిఫాం' అని రాసి, దాని కింద ఎర్ర బటన్ పెట్టారు. ఫోన్లో వేలితో నొక్కితే చాలు. జనం ఆగకుండా నొక్కారు. పాస్టరమ్మ రోజుల తరబడి వెతికి ఒక హోల్‌సేల్ కంపెనీని పట్టుకుని, రెడీమేడ్ యూనిఫాంలు నేరుగా హాస్టలుకే పంపించింది. ఇది ఆ పిల్లలు పంపిన కృతజ్ఞతల వీడియో.

ముందు చిన్నపిల్లలు నీలం స్కర్టుల్లో, తెల్ల చొక్కాల్లో ఊగుతూ పాడుతున్నారు. పాట చివర 'లేచి నిలుతుము' అనే చోట అందరూ చేతులెత్తి లేవాలి. అలా నేర్పింది వీళ్ళే. ఆ చోటు వచ్చింది. ముందు వరుస ఎగిరి గంతేసింది. వెనక వరుసలో చేతులు మాత్రమే పైకి లేచాయి. మిగతా ఒళ్ళంతా బెంచీకి అతుక్కుపోయినట్టే ఉండిపోయింది.

"ఎంత ముద్దొస్తున్నారో!" అంది పాస్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.

"ఆ పెద్దపిల్లలు లేవలేదేం?" అంది టేపక్క.

"సిగ్గేమోనమ్మా," అన్నారు పాస్టరుగారు. "ఆ వయసు అలాంటిది."

"క్రిందటేడు వాళ్ళకి సిగ్గెక్కడ ఏడ్చిందండీ! బెంచీలెక్కి దూకారు. ఒకమ్మాయైతే నా భుజం మీదే దూకబోయింది."

"ఏడాదిలో ఆడపిల్లలు ఎంత మారతారని!" మందులషాపాయన అందుకున్నాడు. "మా అమ్మాయి నిన్నటిదాకా గోడలు దూకింది. ఇవాళ ఫోటో తీస్తానంటే తలుపేసుకుంటోంది."

అందరూ నవ్వారు. టేపక్కా నవ్వింది. నవ్వుతూనే టేపు కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"సరే, ఆదివారం సంగతి," అన్నారు పాస్టరుగారు. "ఈ వీడియో చూపించి రెండో విడత మొదలుపెడదాం. పోయినసారిలాగే నువ్వే మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాలమ్మా, అక్కడ చూసింది చూసినట్టు. నీ మాట వల్లే గదా జనం కరిగారు. యూనిఫాం బటన్ నొక్కినవాళ్ళే ఆ పక్కనున్న వంటగది బటన్ కూడా నొక్కుతున్నారు. ఆ హాస్టల్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ ఒక్క పేజీ వల్లే."

"ఆ గీతల గురించి మళ్ళీ చెప్పు," అంది పాస్టరమ్మ టేపక్క చెయ్యి పట్టుకుని. "నేను ఇప్పటికీ తలుచుకుని ఏడుస్తుంటాను."

టేపక్క ఏదో అనబోయి ఆగింది. ఆ సంగతి ఎత్తినప్పుడల్లా ఆమె ఇక్కడే ఆగిపోతోంది.

ఇంటికి వెళ్ళేసరికి భర్త వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. బేకరీ వ్యాను నడుపుతాడాయన. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాడు కాబట్టి సాయంత్రం వంట ఆయనదే.

"ఏమోయ్, మొహం అలా ఉందేం? ఇస్త్రీపెట్టె మళ్ళీ ఎవరి చొక్కానైనా మింగేసిందా?"

"పోయినసారి మైకులో నేనేం చెప్పానో గుర్తుందా మీకు?"

"లేకేం! ఆ పిల్లల స్కర్టుల మీద ఒకదాని కింద ఒకటి రంగు వెలిసిన గీతలుంటాయన్నావు. హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చా. నా పక్కనున్నాయన నా చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. దాన్ని ఇంతవరకు తిరిగివ్వలేదు."

"అసలెందుకు ఏడ్చారు?"

"ఎందుకేంటి? కొత్తబట్టలకి గతిలేక పాతవే విప్పి విప్పి తొడుక్కుంటున్నారని."

"నేను చెప్పబోయింది అది కాదండీ."

కత్తి ఆగింది. టేపక్క పీట లాక్కుని కూర్చుంది. పక్కన పడున్న తువ్వాలు తీసుకుని ఒడిలో పరిచి, అంచును లోపలికి ఒక మడత, దాని మీద ఇంకో మడత, ఆపైన ఇంకొకటి వేసింది.

"అక్కడ వదిన ఉంది చూడండి..."

ఆయనకి తెలుసు. వదినంటే ఆ హాస్టలుకి బట్టలు కుట్టే ఆవిడ. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ పేరు ఈమె నోరు తిరగక మొదటిరోజే 'వదినా' అని పిలిచింది. ఆ మాటకు అర్థమేమిటో ఆవిడ అడగలేదు. తనూ ఈమెను 'వదినా' అనే పిలవడం మొదలుపెట్టింది. రెండు వారాలూ ఇద్దరూ అదే ఒక్క మాట మీద గడిపేశారు.

"వదిన స్కర్టు కుడితే లోపల ఇంత మడత దాస్తుంది. పైనుంచి చూస్తే ఉబ్బు కనిపించదు. పిల్ల పెరిగినప్పుడల్లా ఒక్కో మడత విప్పుతుంది. విప్పినచోట గీత మిగులుతుంది. ఒకపిల్ల ఆ గీతల మీద వేలు పెట్టి చూపించింది, ఇది మూడో తరగతి, ఇది నాలుగు, ఇది అయిదు అని. ఎంత గర్వమనుకున్నారు! ఇన్నేళ్ళుగా కుడుతున్నా, అంత సాఫీగా మడత దాచడం నాకు రాదు. నేర్పడానికి వెళ్ళినదాన్ని, నేర్చుకుని వచ్చా. మైకులో చెప్పాలనుకున్నది అదే. గీతల దాకా వచ్చానో లేదో ముందు వరుసలో ఎవరో వెక్కారు. పాస్టరమ్మ వచ్చి కావలించుకుంది. మైకు చెయ్యి మారిపోయింది."

"తర్వాతైనా చెప్పొచ్చు గదా."

టేపక్క తువ్వాలు మడతలు విప్పేసింది.

"అందరూ నావంకే చూస్తున్నారండీ. జిప్పు చెడితేనో గుండీ ఊడితేనో తప్ప గుర్తురాని మనిషిని. అంతమంది ఒక్కసారి నన్ను అలా చూసేసరికి..." ఆమె వాక్యం పూర్తిచెయ్యలేదు.

ఆయన ఉల్లిపాయల్ని పక్కకు నెట్టాడు. "రేపు అక్కడికి ఫోన్ చెయ్యి. ఆ పొడుగు పిల్లల కాళ్ళకేమైందో ముందు అది కనుక్కో."

మర్నాడు మందులషాపాయన ఫోను పట్టుకుని కుట్టు దుకాణానికే వచ్చాడు. ఒక గది, రెండు మెషిన్లు, గోడకు వేలాడే ప్యాంట్లు, కాళ్ళ కింద దారం పోగులు. ఆయన స్టూలు మీద కూర్చుని హాస్టలు నడిపే బ్రదర్‌కి వీడియో కాల్ కలిపాడు. బ్రదర్ ఒకప్పుడు ఇక్కడే బైబిల్ కాలేజీలో చదువుకున్నాడు. మాట కొంచెం తడబడినా మర్యాద తడబడదు.

"వందనాలు అక్కగారూ! మీ ఆరోగ్యం? మీ మెషిన్ ఆరోగ్యం?"

"రెండూ కిచకిచమంటున్నాయి బ్రదర్. పిల్లలెలా ఉన్నారు?"

"అందరూ మీకు థాంక్స్ చెప్తున్నారు. కొత్త యూనిఫాం చాలా, చాలా బాగుంది."

"వీడియోలో పెద్దపిల్లలు లేవలేదెందుకు?"

తెరలో బ్రదర్ మొహం ఒక్క క్షణం కదలకుండా ఆగింది. సిగ్నల్ పోయిందనుకుని మందులషాపాయన ఫోన్ను పైకెత్తాడు. సిగ్నల్ పోలేదు.

"కొంచెం అలసట అక్కగారూ. ఆరోజు ఆటలు ఉన్నాయి."

"వదిన ఎలా ఉంది? ఒకసారి పిలుస్తారా?"

ఈసారి బ్రదర్ కళ్ళు పక్కకు తిరిగాయి. "ఆమె ఇప్పుడు హాస్టలుకి రావట్లేదు."

"ఒంట్లో బాలేదా?"

"బాగుంది. కానీ ఇక్కడ ఆమెకి పని లేదు గదా అక్కగారూ. బట్టలు మీరు పంపిస్తున్నారు."

ఆయన మామూలుగానే అన్నాడు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. టేపక్క చేతిలో కత్తెర తెరుచుకుని అలాగే ఉండిపోయింది. బల్ల మీద ఎవరిదో ప్యాంటు, దాని కాలు సగం తెగి ఉంది.

ఆ హాస్టలు పిల్లల బట్టలే ఆ మనిషి బతుకుదెరువు. తను ఆవిడ ఇంట్లో కూర్చుని, ఆవిడ కప్పులో టీ తాగి, ఆవిడ మెషిన్‌కి నూనె వేసి వచ్చింది. జనం ఎర్ర బటన్ ఆగకుండా నొక్కుతున్నన్ని రోజులు తను సంతోషించింది. ఒక్కసారంటే ఒక్కసారి వదిన గుర్తుకు రాలేదు.

"ఆమెని చూడాలి బ్రదర్," అంది. "మీరు ఏం చేస్తారో నాకు తెలీదు. రేపు ఫోను తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళండి."

శనివారం సాయంత్రం దుకాణంలో ఇద్దరూ ఎదురుచూస్తుండగా కాల్ వచ్చింది. బొమ్మ వచ్చింది గాని గొంతు రాలేదు. మందులషాపాయన మీటలన్నీ నొక్కి చూశాడు, ఫోన్ను అరచేత్తో రెండు దెబ్బలు కూడా కొట్టాడు. బొమ్మ మాత్రమే నిలబడింది. అవతల బ్రదర్ చెవి చూపించి చెయ్యి ఊపాడు. ఆయనకీ వినబడటం లేదు. ఫోను ఇంకెవరి చేతికో వెళ్ళింది. తెర గిరగిరా తిరిగి ఆగింది.

వదిన.

నవ్వుతోంది. 'వదినా' అన్నట్టు పెదవులు కదిలాయి. టేపక్క కూడా గట్టిగా "వదినా!" అని అరిచింది. అది అటు చేరదని తెలిసినా అరిచింది.

వదిన చిక్కింది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుంది. టేపక్క తన బొటనవేలు చూపించి కనుబొమలెగరేసింది, ఏమైందన్నట్టు. వదిన తల ఊపి, జాకెట్టుకు గుచ్చుకున్న సన్నని సూది తీసి కెమెరా ముందు పట్టుకుంది. దాన్ని పక్కన పెట్టింది. కిందికి వంగి ఇంకొకటి తీసింది. దబ్బనం. దాని వెనక పురికొస. ఆమె వెనక గోడవారగా గోనెసంచుల కుప్ప ఉంది. వదిన దబ్బనాన్ని కత్తిలా పట్టుకుని, సంచిని పొడుస్తున్నట్టు అభినయించి, నవ్వింది.

టేపక్క నవ్వలేకపోయింది. సన్నసూది పట్టే చేతికి దబ్బనం పట్టిస్తే ఎక్కడెక్కడ కోసుకుంటుందో ఆమెకు తెలుసు.

తను కట్టుకున్న బట్ట అంచు పట్టుకుని చూపించింది. స్కర్టు, పిల్లలు, పొడుగు అని చేతులతో సైగ చేసింది. మోచెయ్యి బల్లకు తగిలింది గాని పట్టించుకోలేదు. వదినకు అర్థమైంది. పక్కనున్న బ్రదర్ వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు. వదిన లోపలికి వెళ్ళి ఒక స్కర్టు తెచ్చింది. కొత్తదే, కంపెనీది. దాన్ని తిరగేసి అంచు కెమెరాకు ఆనించింది. లోపల మడత లేదు. పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టిన ఒంటి కుట్టు, గోరంత. వదిన బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, వాటి సందులోంచి ఒంటికన్నుతో చూసింది. ఇంతే, ఇంకేం విప్పను, అన్నట్టు.

తరవాత స్కర్టును సరిగ్గా తిప్పి అడుగువైపు చూపించింది. నిగనిగలాడే కొత్త నీలం కింద వెలిసిపోయిన పాత నీలం పట్టీ అతికించి ఉంది. పాత స్కర్టుల గుడ్డ. ఆ పట్టీ మీద ఆ పాత గీతలు.

టేపక్క తెరకు మొహం ఆనించేసింది. పిల్లలు పెరిగారు. కొత్త స్కర్టులు మోకాళ్ళ పైకి పోయాయి. విప్పడానికి గుడ్డ లేదు. వదినే పాతవి కోసి పట్టీలు వేసి పొడుగు పెంచింది. అది కనిపించకూడదనే పెద్దపిల్లల్ని వెనక బెంచీల మీద కూర్చోబెట్టారు. ఎవరికి కనిపించకూడదు? వీళ్ళకి. బటన్ నొక్కినవాళ్ళ మనసు నొచ్చుకోకూడదని.

కుట్టుకూలి ఇచ్చారా అని అడగాలనిపించింది. డబ్బులన్నట్టు బొటనవేలికి చూపుడువేలు రాసి చూపించింది. వదిన చెయ్యి గాల్లో ఊపేసింది, పిల్లల దగ్గర ఏం తీసుకుంటాను అన్నట్టు. ఫోను పక్కకు తిరిగినప్పుడు గది మూల ఒక మెషిన్ కనిపించింది. మెడ దాకా దుప్పటి కప్పి, తాడుతో కట్టి ఉంది.

బొమ్మ కూడా పోయింది.

మందులషాపాయన ఫోన్ను జేబులో పెట్టుకున్నాడు. "రేపు నువ్వు ఏం చెప్తావు టేపక్కా?" అన్నాడు.

ఆమె నేరుగా పాస్టరుగారింటికి వెళ్ళింది. ఆయన ముందుగదిలో రేపటి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నారు. పాస్టరమ్మ బట్టలు మడతపెడుతోంది. టేపక్క అంతా చెప్పింది. చెప్పడం అయ్యాక పాస్టరమ్మ చేతిలోని దుప్పటిని మళ్ళీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"అంటే నేను పంపిన బట్టలు పనికిరానివా?" అంది.

"అలా అనలేదు అమ్మగారూ."

"సైజు చార్టు చూసి, వయసు వయసుకీ సరిచూసి ఆర్డరిచ్చాను. కళ్ళు పోయేలా చూశాను. ఆ కంపెనీవాడితో ఎన్నిసార్లు పోట్లాడానో తెలుసా?"

"తెలుసమ్మా. తప్పు మీది కాదు. గీతలని చెప్పి ఆగిపోయింది నేను."

"ఇప్పుడు అది చెప్పడం అవసరమా?" పాస్టరుగారి గొంతు మెత్తగానే ఉంది. "ఆలోచించమ్మా. రేపు నువ్వు మైకు పట్టుకుని, మనం ఇచ్చింది అక్కడొకరి పని పోగొట్టిందంటే, వినేవాళ్ళు ఏం చేస్తారు? 'అయితే ఇవ్వడం మానేద్దాం' అంటారు. అలా అనడానికి ఎదురుచూసేవాళ్ళు కొందరు ఎప్పుడూ ఉంటారు. వంటగది బటన్ కూడా ఆగిపోతుంది. పిల్లలు ఏం తింటారు? ఆవిడ సంగతి మనం నెమ్మదిగా చూద్దాం. ఆవిడకి వేరేగా ఏదైనా పంపుదాం."

"ఆమెకి కావలసింది సాయం కాదండీ. పని."

"రేపు సాక్ష్యం వద్దులే," అన్నారాయన లేస్తూ. "వీడియో వేద్దాం, చాలు. చివర్లో నువ్వు ప్రార్థన చెయ్యి."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అందుకే దాన్ని కాదనడం ఆమెకు కష్టమైంది.

ఆదివారం హాలు నిండిపోయింది. ఎప్పటిలాగే ఆరాధన వెబ్‌సైటులో లైవ్ వెళ్తోంది. వీడియో పెద్ద తెర మీద వచ్చింది. ముందు వరుస ఎగిరింది. వెనక వరుస చేతులెత్తింది. జనం చప్పట్లు కొట్టారు. జేబుల్లోంచి ఫోన్లు అప్పుడే బయటికి వస్తున్నాయి.

"మన సిస్టర్ ప్రార్థన చేస్తారు," అన్నారు పాస్టరుగారు.

టేపక్క మైకు అందుకుంది. అలవాటుగా అందరూ కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి," అంది ఆమె.

హాల్లో చిన్న కదలిక. ఆమె భర్త ఒక్కడే ముందునుంచీ తెరిచే ఉంచాడు.

"అన్నయ్యా, ఆ వీడియో చివరి ముక్క ఇంకోసారి పెట్టు. 'లేచి నిలుతుము' దగ్గర ఆపు."

మందులషాపాయన పాస్టరుగారి వంక చూశాడు. పాస్టరుగారు కదలలేదు. వద్దని కూడా అనలేదు. మందులషాపాయన మీట నొక్కాడు. తెర మీద బొమ్మ ఆగిపోయింది.

"పెద్దపిల్లలు లేవలేదు, చూశారా? వాళ్ళ కాళ్ళు బాగానే ఉన్నాయి." ఆమె గొంతు మైకులో ఆమెకే కొత్తగా వినిపించింది. "పోయినసారి నేను గీతల గురించి చెప్పాను. మీరు ఏడ్చారు. నేను సగమే చెప్పి ఆపేశాను. మిగతా సగం ఇప్పుడు చెప్తాను."

సంచిలోంచి రెండు స్కర్టులు తీసింది. ఒకటి బజారులో కొన్నది, ఒకటి వదిన పద్ధతిలో తను రాత్రి కూర్చుని కుట్టింది. రెండింటినీ తిరగేసి పట్టుకుంది. మడత ఎక్కడ దాచాలో, ఎప్పుడు విప్పాలో, విప్పినచోట గీత ఎందుకు పడుతుందో దుకాణంలో చెప్పినట్టే చెప్పింది. మూడో తరగతి గీత ఇక్కడ పడుతుంది, నాలుగో తరగతి గీత ఇక్కడ అంటూ వేలు పెట్టి చూపించింది. దబ్బనం గురించి చెప్పింది. దుప్పటి కప్పిన మెషిన్ గురించి చెప్పింది. పాత పట్టీలు మనకు కనిపించకూడదని ఆ పిల్లలు కూర్చునే పాడారని చెప్పింది.

"ఇవ్వడం ఆపమని నేను అనట్లేదు. వంటగది బటన్ అలాగే నొక్కండి, చేతులెత్తి మొక్కుతాను. బట్టలు మాత్రం వద్దు. గుడ్డ పంపుదాం. కుట్టుకూలి పంపుదాం. కుట్టే మనిషి అక్కడే ఉంది. నాకన్నా బాగా కుడుతుంది."

ఎవరూ ఏడవలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కతలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడైంది. ముందు వరుసలో పాస్టరమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. పాస్టరుగారు వచ్చి మైకు తీసుకుని, ఆమె చెయ్యని ప్రార్థన ఆయనే చేశారు.

ఇంటికి వెళ్తూ దారిలో భర్త అన్నాడు, "ఈసారి నా చేతిరుమాలు ఎవరూ అడగలేదు."

"అది మంచికా చెడుకా?"

"రుమాలుకి మంచిదే. మిగతాది చూడాలి."

సోమవారం మధ్యాహ్నం మందులషాపాయన దుకాణం మెట్లెక్కాడు. "పాస్టరుగారు ఒప్పుకున్నారు. ఎర్ర బటన్ తీసేసి నీలం బటన్ పెట్టా. 'గుడ్డ, కుట్టుకూలి' అని రాశా. వంటగది బటన్ ఆగలేదు, అదొక్కటి నీ అదృష్టం. నీలం బటన్ దగ్గరికి మాత్రం ఒక్క పురుగు కూడా రాలేదు టేపక్కా. ఏడుపొస్తే నొక్కిన వేళ్ళు కూలి అనగానే జేబులోకి పోయాయి."

టేపక్క తలెత్తలేదు. మెషిన్‌లో బాబిన్ మారుస్తోంది. "ఉండనీ. తియ్యకు."

"తియ్యనులే."

గుమ్మంలో నీడ పడింది. పాస్టరమ్మ. లోపలికి రాకుండా, గోడకు వేలాడుతున్న ప్యాంట్ల వంక చూస్తూ నిలబడింది. మందులషాపాయన స్టూలు ఖాళీ చేసి గోడకు అతుక్కుపోయాడు.

"నన్ను పదిమందిలో నిలబెట్టావు," అంది పాస్టరమ్మ.

"నన్ను నేను నిలబెట్టుకున్నాను అమ్మగారూ. మీరు పక్కనున్నారు, అంతే."

"మాటలు బాగా నేర్చావు." ఆమె స్టూలు మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. "నిన్న ఇంటికెళ్ళి మా మనవరాలి స్కూలు స్కర్టు తిరగేసి చూశాను. మొన్ననే కొన్నది. అప్పుడే మోకాళ్ళు కనిపిస్తున్నాయి. లోపల నువ్వు చెప్పినట్టే, గోరంత."

సంచిలోంచి స్కర్టు తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఇంకొకటి, పాతది, వెలిసిపోయినది.

"దీన్ని కోసి దానికి పట్టీ వెయ్యి."

టేపక్క రెండింటినీ చూసింది. "రంగు కలవదు అమ్మగారూ. కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది."

"కనిపించాలి."

"పాప వేసుకుంటుందా?"

"నిన్న మా ఇంట్లో లైవ్‌లో నీ మాటలు విన్నది. తనకి ఏ తరగతి గీతా లేదని పోట్లాడుతోంది. వచ్చే ఆదివారం ఇదే తొడుక్కుని ముందు వరుసలో కూర్చుంటుంది. పాటకి లేచి నిలబడుతుంది. పక్కన నేనుంటాను. ఎవరైనా అడిగితే నేను చెప్తాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "రెండో విడత ఆర్డరు ఆపేశాను. ఆ కంపెనీవాడు మళ్ళీ పోట్లాడాడు. నాకు అలవాటేగా." తర్వాత మందులషాపాయన వైపు తిరిగింది. "గోడకేం అతుక్కుంటావు గాని, ఆ నీలం బటన్ ఎక్కడుందో చూపించు. నా ఫోన్లో ఏదీ ఒక పట్టాన దొరికి చావదు."

ఆమె చూపుడువేలు తెర మీద ఆనింది. మందులషాపాయన అలవాటుకొద్దీ, ఎదురుగా ఉన్న మనిషికే థాంక్యూ మెసేజి పెట్టేశాడు. పాస్టరమ్మ ఫోన్ టింగుమంది. "ఏడ్చావులే," అందామె.

వాళ్ళు వెళ్ళాక టేపక్క పాత స్కర్టు కోసి పట్టీ తీసింది. కొత్త అంచుకి గుండుసూదులు గుచ్చి, కచ్చా కుట్టు వేసి, మెషిన్ మీద పరిచింది. కుట్టు సగంలో ఉండగా ఫోన్ మోగింది. బ్రదర్.

"ఆదివారం మేము కూడా లైవ్ చూశాం అక్కగారూ," అన్నాడు. ఈసారి గొంతు స్పష్టంగా వచ్చింది. "నేను అర్థం చెప్తుంటే పెద్దపిల్లలు చప్పట్లు కొట్టారు. నన్ను క్షమించండి. మీరు బాధపడతారని దాచాను."

"ఇంకెప్పుడూ మమ్మల్ని అంత సుకుమారంగా చూసుకోకండి బ్రదర్."

"మీ పాస్టరుగారు ఇప్పుడే మాట్లాడారు. గుడ్డ ఇక్కడే కొనమన్నారు. ఆమెకి చెప్పడానికే వచ్చాను. ఆమె మీతో మాట్లాడుతుందట."

తెర తిరిగింది. వదిన. వెనక మూలలో మెషిన్ మీద దుప్పటి లేదు. అది మడతపెట్టి వదిన భుజం మీద ఉంది. తాడు ఇంకా చేతిలోనే ఉంది.

"వదినా!"

"వదినా!"

ఆ తర్వాత ఇద్దరికీ మాటలు లేవు. టేపక్క సంబరంగా తన మెషిన్ కిందున్న స్కర్టును ఎత్తి చూపించింది. కొత్త నీలం, పాత పట్టీ. చూడు, నీ పద్ధతే, ఇక్కడ కూడా, అన్నట్టు.

వదిన నవ్వుతూ వంగి చూసింది. నవ్వు ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. వేలితో తెర మీద టకటకా కొట్టి తన భాషలో గడగడా ఏదో అంది. బ్రదర్ ఇబ్బందిగా దగ్గాడు.

"ఏమంటోంది?"

"అక్కగారూ, మరి... ఇలా అతికిస్తే ఉతికినప్పుడు మెలి తిరిగిపోతుందట. పట్టీకి కూడా లోపల మడత ఉండాలట. పిల్ల ఇంకా పెరుగుతుంది గదా అని అడుగుతోంది."

వదిన బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి చూపించింది. పీలిక చుట్టిన బొటనవేలు. ఇంత. కాదు, ఇంకొంచెం. ఇంత.

టేపక్క ఫోన్ను దారం కండెకి ఆనించి నిలబెట్టింది. తన వేళ్ళు కూడా అంతే ఎడంగా పెట్టి, టేపు మీద కొలుచుకుంది. తర్వాత కత్తెర మొన తీసుకుని, అప్పటిదాకా వేసిన కుట్టంతా విప్పడం మొదలుపెట్టింది.